శాటిలైట్ సిగ్నల్ సరిగ్గా అందని కొండ లోయల్లో డ్రోన్ ఎగరేయడం: సమగ్ర మార్గదర్శి

మైదానంలో 20 శాటిలైట్లు చూపించే డ్రోన్‌ను పాడేరు ఘాట్ దిగువన ఏ గెడ్డ (కొండవాగు) ఒడ్డునో ఆన్ చేస్తే లెక్క ఏడెనిమిది దగ్గరే ఆగిపోవచ్చు. ఒక్కోసారి పన్నెండుకు ఎక్కి, నిమిషంలో మళ్లీ ఆరుకు పడిపోతుంది. జీపీఎస్ పూర్తిగా లేనప్పుడు డ్రోన్ గాలి వాలుకు కొట్టుకుపోతుంది. చేయి తిరిగిన పైలట్ దాన్ని రిమోట్ స్టిక్‌తో సరిదిద్దుకోగలడు. అరకొర సిగ్నల్‌తోనే అసలు ప్రమాదం. డ్రోన్ తానున్న చోటును తప్పుగా లెక్కగట్టి, ఆ తప్పునే నమ్మి, 'సరిచేసుకోవడానికి' తనంతట తానే కొండ వైపు దూసుకెళ్తుంది. అందుకే ఇలాంటి చోట జీపీఎస్ లేదనుకునే ప్లాన్ వేసుకోవాలి. సిగ్నల్ అందితే అది అదనపు సాయం.

ఇక్కడ చెప్పేదంతా 2 కిలోల లోపు బరువుండే మల్టీరోటర్ల (నాలుగు, ఆరు రెక్కల డ్రోన్ల) గురించి. రెడీమేడ్ కెమెరా డ్రోన్లకూ, ఆర్డుపైలట్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద సొంతంగా కట్టుకున్నవాటికీ వర్తిస్తుంది.

లోయలో సిగ్నల్ ఎందుకు చెడుతుంది

జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి సిగ్నల్ నేలకు చేరేసరికి సుమారు మైనస్ 130 డీబీఎం ఉంటుంది. అంటే ఒక మిల్లీవాట్‌ను పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత నీరసమైన సిగ్నల్‌కు కొండ అడ్డొస్తే ఇక ఏమీ మిగలదు. దట్టమైన ఆకులు, ముఖ్యంగా వానకు తడిసిన ఆకులు, మరికొంత మింగేస్తాయి.

స్థానం లెక్కకట్టడానికి కనీసం 4 శాటిలైట్లు కావాలి. అయితే ఎన్ని ఉన్నాయన్నదానికన్నా అవి ఆకాశంలో ఎలా పరుచుకున్నాయన్నది ముఖ్యం. ఇరుకు లోయలో నిలబడి తలెత్తితే ఆకాశం ఒక పొడవాటి పట్టీలా కనిపిస్తుంది. శాటిలైట్లన్నీ ఆ పట్టీలోనే, దాదాపు ఒకే వరసలో ఉంటాయి. అప్పుడు లోయ పొడవునా లెక్క బాగానే కుదురుతుంది, అడ్డంగా మాత్రం తప్పుతుంది. అడ్డంగా అంటే కొండ గోడ వైపే. దానికి తోడు రాతి గోడకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ నేరుగా వచ్చేదానికన్నా ఎక్కువ దూరం ప్రయాణించి రిసీవర్‌ను మోసం చేస్తుంది. దీన్నే మల్టీపాత్ అంటారు. స్క్రీన్ మీద 10 శాటిలైట్లు కనిపిస్తున్నా డ్రోన్ పక్కకు జరిగిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. ఆ రేఖకు దగ్గరగా ఉన్న మన ఆకాశంలో పొద్దుగూకాక అయనోస్ఫియర్ (వాతావరణం పైన విద్యుత్ కణాలుండే పొర) కల్లోలంగా మారి సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. దీన్ని సింటిలేషన్ అంటారు. సాధారణంగా చీకటి పడ్డాక మొదలై అర్ధరాత్రి దాకా ఉంటుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనూ, సూర్యుడు చురుగ్గా ఉండే సంవత్సరాల్లోనూ ఎక్కువ. పగలు బాగా పనిచేసిన చోటే సాయంత్రం ఏడింటికి డ్రోన్ తూలిందంటే యంత్రాన్ని అనుమానించే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఇంటి దగ్గరే పూర్తి చేయాల్సినవి

లోయలో సెల్ టవర్ ఉండదు. యాప్ లాగిన్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఆ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాప్ అన్నీ బయల్దేరే ముందు రోజే ముగించండి. అప్‌డేట్ చేశాక ఇంటి దగ్గర ఒక్కసారైనా ఎగరేయండి. కొన్ని అప్‌డేట్లు రిటర్న్ టు హోమ్ (తనంతట తానే బయల్దేరిన చోటికి తిరిగి రావడం) ఎత్తును, రిమోట్ సిగ్నల్ పోయినప్పుడు చేయాల్సిన పనిని మళ్లీ మొదటికి తెస్తాయి.

డ్రోన్‌ను వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి ఆన్ చేస్తే, ఏ శాటిలైట్ ఎక్కడుందో దానికి తెలియదు. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్లు, మొత్తం శాటిలైట్ల పట్టిక పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకే లోయలోకి దిగే ముందే, ఘాట్ పైన ఆకాశం విశాలంగా కనిపించే మలుపులో ఆగి, డ్రోన్ ఆన్ చేసి 15 నిమిషాలు కదపకుండా ఉంచండి. ఆ తర్వాత కింద లాక్ (శాటిలైట్లతో స్థానం కుదరడం) త్వరగా దొరుకుతుంది. దీనికి పాత బ్యాటరీ ఒకటి పక్కన పెట్టుకోండి, ఎగరడానికి దాచుకున్నది ఖర్చు కాకుండా.

అన్నిటికన్నా ముఖ్యమైనది చేతి సాధన. జీపీఎస్, నేలను చూసి డ్రోన్‌ను ఒకే చోట నిలిపే కింది కెమెరాలు రెండూ పనిచేయనప్పుడు డ్రోన్ యాటీ మోడ్‌లోకి పోతుంది. ఎత్తును గాలి పీడనం సాయంతో, సమతూకాన్ని గైరోలతో నిలుపుకుంటుంది తప్ప, ఉన్నచోట ఉండదు. సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తుంటే 10 సెకన్లలో 30 మీటర్ల దాకా కొట్టుకుపోతుంది. స్టిక్ వదిలేస్తే ఆగదు, జారుతూనే ఉంటుంది. ఆపాలంటే ఎదురు స్టిక్ ఇవ్వాలి. మీ డ్రోన్‌లో యాటీ స్విచ్ ఉంటే, ఊరి బయట ఖాళీ మైదానంలో 10 మీటర్ల ఎత్తున కనీసం నాలుగైదు బ్యాటరీలు దీనికే ఖర్చు పెట్టండి. ముందు తోక మీ వైపు ఉంచి ఒకే చోట నిలబెట్టడం, తర్వాత చదరంగా తిప్పడం, ఆ తర్వాత ముక్కు మీ వైపు తిప్పి అదే పని. ముక్కు మీ వైపున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, కంగారులో చేయి తప్పేది అక్కడే. స్విచ్ లేని చిన్న డ్రోన్లు వాడేవాళ్లు సిమ్యులేటర్‌లో జీపీఎస్ ఆపేసి నేర్చుకోవడం మేలు.

సామానులో ఇవి ఉండాలి: దిక్సూచి, దుర్భిణి, విజిల్, సొంత బ్యాటరీతో మోగే చిన్న బజర్ (డ్రోన్ బ్యాటరీ ఊడిపోయినా ఇది అరుస్తుంది), 3 బ్యాటరీలు, రెండో మనిషి. సిమ్ కార్డుతో పనిచేసే ట్రాకర్ టవర్ లేనిచోట దండగ.

ఆర్డుపైలట్ వాడేవాళ్లకు

జీపీఎస్ మాడ్యూల్‌ను ఫ్రేమ్ మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల మాస్ట్ (నిలువు కడ్డీ) మీద పెట్టండి. యాక్షన్ కెమెరాలు, యూఎస్‌బీ 3 కేబుళ్లు, వీడియో ట్రాన్స్‌మిటర్లు జీపీఎస్ పౌనఃపున్యం దగ్గర రొద పుట్టిస్తాయి. కెమెరా ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి శాటిలైట్ల సంఖ్య చూడండి. మూడు నాలుగు తగ్గితే కెమెరాకూ మాడ్యూల్‌కూ మధ్య రాగి రేకు టేపు అడ్డం పెట్టి, దాన్ని గ్రౌండ్‌కు కలపండి. మైదానంలో ఈ నష్టం కనిపించదు, లోయలో ఆ మూడే ప్రాణం.

హెచ్‌డాప్ (శాటిలైట్లు ఎంత బాగా పరుచుకున్నాయో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 1.4 దాటితే ఆర్మ్ కానివ్వని (మోటార్లు తిరగనివ్వని) నియమం డిఫాల్ట్‌గా ఉంటుంది. లోయలో విసుగెత్తి ఆ చెక్‌ను తీసేయకండి. ఆర్మ్ కాకపోతే ఆల్ట్‌హోల్డ్ (ఎత్తును మాత్రమే నిలిపే) మోడ్‌లో లేవండి, అందులో జీపీఎస్ అక్కర్లేదు. మోడ్ స్విచ్‌లో చూడకుండానే వేలికి అందే చివరి స్థానంలో ఆల్ట్‌హోల్డ్ ఉండాలి. లాయిటర్ (జీపీఎస్‌తో ఉన్నచోటే నిలిచే మోడ్) మధ్యలో, ఆర్‌టీఎల్ (బయల్దేరిన చోటికి తిరిగొచ్చే మోడ్) అవతల.

రెండు సెట్టింగులు తప్పక సరిచూసుకోవాలి. స్థానం లెక్క చెడితే ఉన్నచోటే దిగిపోవడం ఈకేఎఫ్ ఫెయిల్‌సేఫ్‌కు (సెన్సర్ల లెక్కలు పొసగనప్పుడు పనిచేసే రక్షణకు) డిఫాల్ట్. కింద గెడ్డో, చెట్లో ఉంటే అది నాశనమే. చేత్తో నడపగలిగినవాళ్లు దాన్ని ఆల్ట్‌హోల్డ్‌కు మార్చుకోవాలి. నడపలేనివాళ్లు అలాగే ఉంచి, కింద చదునుగా ఉన్నచోటే ఎగరాలి. రెండోది ఆర్‌టీఎల్ ఎత్తు. డిఫాల్ట్ 15 మీటర్లు, అది చాలదు. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లే 20 మీటర్లు దాటతాయి.

ఆప్టికల్ ఫ్లో సెన్సర్ (నేల ఎటు కదులుతోందో చూసే చిన్న కెమెరా), దానితోపాటు కిందికి చూసే లైడార్ (లేజర్‌తో ఎత్తు కొలిచే సెన్సర్) జోడిస్తే తక్కువ ఎత్తులో జీపీఎస్ లేకుండా కూడా డ్రోన్ నిలబడుతుంది. రెండూ ఉండాలి. ఎత్తు తెలియకుండా ఫ్లో సెన్సర్ వేగాన్ని సరిగ్గా లెక్కకట్టలేదు.

చోటు ఎంచుకోవడం

పని సగం ఇక్కడే గెలుస్తారు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కంటికి సమాంతరంగా మొదలుపెట్టి పిడికిలి మీద పిడికిలి పేరుస్తూ కొండ అంచు దాకా లెక్కపెట్టండి. ఎనిమిది దిక్కులా ఇలా చూసి కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని.

ఆ అంకెల్ని చదవడంలో ఒక కిటుకు ఉంది. జీపీఎస్ కక్ష్యల వాలు 55 డిగ్రీలు. ఉత్తరాన 55వ అక్షాంశం దాటి ఆ శాటిలైట్లు వెళ్లవు. మనం 17వ అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి సరిగ్గా ఉత్తర దిక్కున సుమారు 40 డిగ్రీల ఎత్తు దాకా ఆకాశంలో జీపీఎస్ శాటిలైట్ ఒక్కటీ కనిపించదు. అక్కడ కొండ ఉన్నా పోయేది తక్కువే. దక్షిణాన మాత్రం దిగంతం దాకా ఉంటాయి. గగన్ (జీపీఎస్ తప్పుల్ని సరిచేసే భారతీయ వ్యవస్థ) సవరణలు పంపే భూస్థిర ఉపగ్రహాలు కూడా మనకు దక్షిణపు ఆకాశంలోనే. అందుకని కొండ మీ ఉత్తరాన, ఖాళీ ఆకాశం దక్షిణాన ఉండేలా చోటు వెతకండి. దక్షిణం, తూర్పు, పడమరల్లో ఏ రెండింట్లోనైనా మూడు పిడికిళ్లు దాటితే ఆ చోట జీపీఎస్ లేనట్టే లెక్క.

వీలైతే లోయ అడుగున కాకుండా వాలు మీదో, గట్టు మీదో టేకాఫ్ పెట్టుకోండి. ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది, రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య అడ్డు ఉండదు. ఒకటే జాగ్రత్త: వెనక్కి రావడం ఎక్కుడు ప్రయాణం, బ్యాటరీ ఎక్కువ తాగుతుంది.

కల్వర్టు శ్లాబు మీద, జీపు బానెట్ మీద డ్రోన్ పెట్టకండి. అందులోని ఇనుము దిక్సూచిని తప్పుదోవ పట్టిస్తుంది. అలాంటి చోట కంపాస్ క్యాలిబ్రేషన్ అసలే చేయొద్దు, తప్పునే నిజమని నేర్పినట్టవుతుంది.

టేకాఫ్ జాగాలో పూలపూల పాత చీర ఒకటి పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. పసుపు, ఎరుపు కలిసిన పెద్ద పూల డిజైన్ అయితే మంచిది. డ్రోన్ కింది కెమెరాలకు పట్టు దొరకాలంటే కింద గీతలో మచ్చలో ఉండాలి. ఒకే రంగు బట్ట, ఇసుక, పచ్చి గడ్డి వాటికి గుడ్డి గోడల్లాంటివి. పైగా 80 మీటర్ల ఎత్తు నుంచి పచ్చదనం మధ్యలో ఆ చీర ఒక్కటే కంటికి ఆనుతుంది. దారి చూపేది అప్పుడు అదే.

వేళ

ఉదయం 8 నుంచి 11 మధ్య బాగుంటుంది. అప్పటికి మంచు విడిపోతుంది, కెమెరా సెన్సర్లకు వెలుగు సరిపోతుంది, గాలి ఇంకా లేవదు. ఎండ ముదిరాక గాలి లోయ అడుగు నుంచి వాలు వెంబడి పైకి ఎగదన్నుతుంది. లంబసింగి లాంటి చోట డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో చలికి బ్యాటరీ చురుకు తగ్గి వోల్టేజ్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. బ్యాటరీని చొక్కా లోపల పెట్టుకుని 20 డిగ్రీలకు వెచ్చబరచండి. పైకి లేచాక ఒక నిమిషం అక్కడే ఆపి, తర్వాత కదలండి.

ఎగరేయడం, అడుగడుగునా

1. రిమోట్ సిగ్నల్ పోతే ఏం చేయాలన్న సెట్టింగ్ చూడండి. రిటర్న్ టు హోమ్ ఎంచుకున్నా, జీపీఎస్ లేకపోతే అది జరగదు. చాలా డ్రోన్లు ఉన్నచోటే మెల్లగా దిగిపోతాయి. కాబట్టి రిమోట్ లింకే మీ ఏకైక తాడు. దూరం 150 మీటర్లు దాటకండి. మధ్యలో చెట్టు గుబురు గానీ కొండ మలుపు గానీ రానివ్వకండి.

2. రిటర్న్ ఎత్తును టేకాఫ్ చోటు నుంచి లెక్కించి, చుట్టుపక్కల ఎత్తైన చెట్టు కన్నా 20 మీటర్లు ఎక్కువ పెట్టండి. డ్రోన్ చూపించే ఎత్తు టేకాఫ్ చోటు నుంచే, కింద నేల నుంచి కాదు. 60 మీటర్లు చూపిస్తూనే ఎదురు వాలు మీది చెట్లకు తగలవచ్చు.

3. మోటార్లు తిప్పే ముందు శాటిలైట్ల సంఖ్యను ఒక నిమిషం గమనించండి. 12కు పైన నిలకడగా ఉంటే మంచిది. 8కీ 13కీ మధ్య ఊగుతోందంటే, స్థిరంగా 9 ఉన్నదానికన్నా అది చెడ్డ లక్షణం.

4. మూడు మీటర్లకు లేపి 30 సెకన్లు స్టిక్ ముట్టుకోకండి. చీర హద్దుల్లో నిలిచిందా? రెండో మనిషి పక్క నుంచి చూడాలి. ఇక్కడ నిలబెడుతున్నది కింది కెమెరాలు కావచ్చు. చాలా చిన్న డ్రోన్లలో అవి 10 మీటర్ల దాకానే నమ్మదగ్గవి.

5. నిట్టనిలువుగా 20 మీటర్లకు వెళ్లి మళ్లీ 30 సెకన్లు ఆగండి. జీపీఎస్ నిజస్వరూపం ఇప్పుడు తెలుస్తుంది. చెట్ల పైకి వచ్చాక శాటిలైట్లు పెరగవచ్చు. బలహీన సిగ్నల్‌లో కొన్ని మోడళ్లు 30 మీటర్ల మీద ఎక్కనివ్వవు. అది పాడవడం కాదు.

6. హోమ్ పాయింట్ ఇక్కడ చూసుకోవాలి. ఇది చాలామందికి తెలియని ఉచ్చు. సిగ్నల్ లేకుండా లేచిన డ్రోన్‌కు గాల్లో ఎక్కడో మొదటిసారి లాక్ దొరికితే, ఆ క్షణంలో తానున్న చోటునే 'ఇల్లు' అని రాసుకుంటుంది. అది గెడ్డ నడిమధ్య కావచ్చు. తర్వాత రిటర్న్ నొక్కితే నేరుగా నీళ్లలో దిగుతుంది. ఎగురుతుండగా హోమ్ పాయింట్ అప్‌డేట్ అయిందన్న మాట వినపడగానే ఆపండి. వెనక్కి చీర మీదికి తెచ్చి, కెమెరా నిలువుగా కిందికి దించి, చీర మధ్యలోకి వచ్చాక యాప్‌లో హోమ్ పాయింట్‌ను డ్రోన్ ఉన్నచోటికి మార్చండి.

7. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు గాలే తోడొస్తుంది. వేగం సెకనుకు 3, 4 మీటర్లు దాటొద్దు. గోడకు 30 మీటర్ల లోపుకు పోవద్దు. ముక్కు ఎటుందో నోటితో పైకి చెప్పుకుంటూ నడపండి, రెండో మనిషికీ తెలుస్తుంది.

8. నీటి మీద 10 మీటర్ల కన్నా కిందికి దిగకండి. కదిలే నీళ్లను చూసి కింది కెమెరాలు డ్రోనే కదులుతోందనుకుంటాయి, ప్రవాహం వెంట లాక్కెళ్తాయి. గాలికి ఊగే చెట్ల కొసల మీద తక్కువ ఎత్తులోనూ ఇంతే.

9. బ్యాటరీ 60 శాతానికి రాగానే వెనక్కి తిరగండి, 30 శాతానికి చీర మీద ఉండాలి. చేత్తో దించడానికి రెండు మూడు ప్రయత్నాలు పట్టవచ్చు. ఆ 30 శాతం అందుకే.

చెడినప్పుడు గుర్తుపట్టడం ఎలా

గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ, తిరిగే కొద్దీ వలయం పెద్దదవుతోందంటే దిక్సూచి, జీపీఎస్ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. స్టిక్‌తో ఎదురు లాగితే ఊపు పెరుగుతుంది. యాటీకో ఆల్ట్‌హోల్డ్‌కో మార్చండి, వెంటనే సర్దుకుంటుంది. ఆ స్విచ్ లేని డ్రోన్ అయితే ఎత్తు తగ్గిస్తూ దగ్గరలోని ఖాళీ చోట దించేయండి.

స్టిక్ ముట్టకుండానే ఒక వైపు గట్టిగా వాలి దూసుకుపోతోంది, మ్యాప్ మీద బాణం మాత్రం ఒకేచోట ఉందంటే, అది మల్టీపాత్. ఎదురు స్టిక్ పూర్తిగా ఇచ్చి గోడ నుంచి దూరంగా లాగండి, వీలుంటే జీపీఎస్ లేని మోడ్‌కు మార్చి నిట్టనిలువుగా పైకి తీసుకెళ్లండి. పైన ఆకాశం విచ్చుకునే కొద్దీ లెక్క సరిపడుతుంది. ఇలాంటప్పుడు రిటర్న్ బటన్ నొక్కకండి. తానెక్కడుందో తెలియని డ్రోన్‌కు ఇంటికి రమ్మని చెప్పినట్టవుతుంది.

ముక్కు ఎటుందో మీకే అర్థం కాకపోతే ముందుకు కొద్దిగా తోయండి. అది ఎటు కదిలితే ముక్కు అటే. వెనక్కి లాగి ఆపి, తోక మీ వైపు వచ్చేదాకా తిప్పి, అప్పుడు రప్పించండి.

సర్వే పని చేసేవాళ్లకు

నెట్ ద్వారా కార్స్ (శాశ్వత రిఫరెన్స్ స్టేషన్ల) సవరణలు తీసుకునే ఆర్‌టీకే (ఎగురుతుండగానే స్థానాన్ని సెంటీమీటర్ల దాకా సరిదిద్దే పద్ధతి) సెల్ టవర్ లేని తండాల్లో, గూడేల్లో పనిచేయదు. సొంత బేస్ స్టేషన్ గట్టు మీద పెట్టి, లాగ్ రికార్డ్ చేసుకుని, ఇంటికొచ్చాక పీపీకే (అదే సవరణను తర్వాత కంప్యూటర్‌లో చేయడం) చేసుకోవాలి. ఆకాశం సగం మూసుకున్న చోట ఫోటోల జియోట్యాగ్‌ను (ఫోటోలో నమోదయ్యే స్థానాన్ని) నమ్మకండి. నేల మీద గుర్తులు ఎక్కువ పెట్టండి, ఫోటోల అతివ్యాప్తిని 80 శాతానికి పెంచండి.

అనుమతులు

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 400 అడుగుల దాకా ఎగరవచ్చు, కంటికి కనిపించేంత దూరంలోనే. యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకోండి. 250 గ్రాములు దాటినవాటికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. 2 కిలోల లోపు డ్రోన్‌తో వ్యాపారం చేయనివాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్ అని మ్యాప్ చూపించినా అభయారణ్యాలకు, పాపికొండల నేషనల్ పార్కుకు, నల్లమల టైగర్ రిజర్వులకు అటవీశాఖ అనుమతి వేరే కావాలి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు గ్రామాల్లో స్థానిక పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పండి, ఊరి పెద్దలకూ చెప్పండి. తెలియని యంత్రం తలమీద తిరిగితే ఎవరికైనా బెదురే.

పడిపోతే వెతకడం

వీడియో తెగిన క్షణాన ఉన్నచోటే నిలబడిపోండి. డ్రోన్ చివరిగా కనిపించిన దిక్కును దిక్సూచితో కొలిచి డిగ్రీల్లో రాసుకోండి. రెండో మనిషి 50 మీటర్లు పక్కకు జరిగి తను చూసిన దిక్కును అలాగే రాయాలి. మ్యాప్ మీద రెండు గీతలు కలిసే చోటు, మల్టీపాత్‌తో పాడైన లాగ్‌లోని చివరి కోఆర్డినేట్ల కన్నా తరచుగా నిజానికి దగ్గరగా ఉంటుంది. వీడియోలోని చివరి 10 సెకన్లను ఆపి ఆపి చూడండి. బండరాయి, ఎండిన మోడు, గెడ్డ మలుపు లాంటి ఏదో ఒక ఆనవాలు దొరుకుతుంది. అడవిలోకి ఒంటరిగా పోకండి, దారి తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకెళ్లండి. పది అడుగులకోసారి ఆగి, మాట్లాడకుండా బజర్ కోసం చెవి ఒగ్గండి. దొరికిన డ్రోన్ బ్యాటరీ ఉబ్బినా, నలిగినా దాన్ని సంచిలో వేసుకోకండి. తీసి బయట రాతి మీద అరగంట ఉంచి, వేడెక్కడం లేదని తేలాకే ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి తీసుకురండి.